శుక్ర, శనివారాల కడుపునొప్పి: ఒక హైస్కూల్లో కుక్క తోడుగా సాగిన కౌన్సెలింగ్

ఎనిమిదో తరగతి చదివే 13 ఏళ్ళ అబ్బాయి. కోనసీమలో కాలవ గట్టు వెంబడి ఉన్న ఊరు, అక్కడి జిల్లా పరిషత్ హైస్కూలు. 2025 జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి కడుపునొప్పంటూ మాటిమాటికీ మానేస్తున్నాడని, వచ్చిన రోజు కూడా రెండో పీరియడ్‌కల్లా బల్ల మీద తల వాల్చేస్తున్నాడని తరగతి టీచరు నాకు ఫోన్ చేశారు. ఆ చుట్టుపక్కల బడులకు వెళ్ళే కౌన్సెలర్ని నేను. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. అబ్బాయిని, ఊరిని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. కుక్క పేరు మాత్రం అసలుదే, చిట్టి.

ఈ మధ్య చాలామంది టీచర్లు "మా బడికీ ఒకసారి కుక్కను తీసుకురండి మేడం" అని అడుగుతున్నారు. కుక్క వస్తే పిల్లలు నవ్వుతారు, గది వాతావరణమే మారిపోతుంది, అది నిజం. అయితే ఈ అబ్బాయి విషయంలో కుక్క వల్ల జరిగింది ఏమిటి, మనుషులు చేస్తే తప్ప జరగనిది ఏమిటి అన్నది విడివిడిగా చెప్పాలని ఉంది. ఆ రెండూ కలిపేసుకుంటే నష్టపోయేది పిల్లాడే.

మొదట తెలిసిన సంగతులు

తల్లి కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది, వెళ్ళి ఏడాది దాటింది. తండ్రి వేరే ఊళ్ళో ఉంటాడు, రాకపోకలు లేవు. పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. మా వైపు ఇలాంటి ఇళ్ళు వీధికి రెండు మూడు ఉంటాయి కాబట్టి బడిలో ఎవరూ దాన్ని పెద్ద సంగతిగా తీసుకోలేదు.

అమ్మమ్మ చెప్పింది ఆమె మాటల్లోనే రాస్తాను. "తెల్లారేసరికి పొట్ట పట్టుకుని ముడుచుకుపోతాడండి. గట్టిగా లేపితే వాంతి చేసుకుంటాడు. పదకొండయ్యేసరికి లేచి తిరుగుతాడు. ఊళ్ళోవోళ్ళు దొంగ నొప్పంటన్నారు. ఆడి మొహం చూత్తే నాకు అలా అనిపించదండి, ఆయ్." దానికితోడు హాజరు 75 శాతం కన్నా తగ్గితే తల్లికి వందనం డబ్బులు ఆగిపోతాయేమోనన్న బెంగ కూడా ఆమెకుంది.

నా దగ్గరకు వచ్చేలోపే పీహెచ్‌సీలో చూపించారు, నులిపురుగుల మాత్ర వేశారు, తర్వాత ఏరియా ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. నేను ఆ కాగితాలు చూశాకే పని మొదలుపెట్టాను. బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేంత నొప్పి, జ్వరం, మలంలో రక్తం, నొప్పి బొడ్డు చుట్టూ కాకుండా ఒక పక్కనే నిలిచి ఉండటం, ఇవి కనిపిస్తే కౌన్సెలింగ్ పక్కన పెట్టి డాక్టరు దగ్గరకే పంపాలి. ఇతనికి ఇవేవీ లేవు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి, అదీ పొద్దున లేచే వేళకే. ఆందోళనలో పేగుల కదలిక మారిపోతుంది, మామూలప్పుడు తెలియని కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. కాబట్టి పిల్లాడు అబద్ధం ఆడటం లేదని అమ్మమ్మకూ, టీచర్లకూ ముందే గట్టిగా చెప్పాను.

పిల్లల భావోద్వేగాల, ప్రవర్తన ఇబ్బందులు అంచనా వెయ్యడానికి ఎస్‌డీక్యూ అనే 25 ప్రశ్నల పత్రం వాడతాం. 1997లో బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ గుడ్‌మన్ తయారుచేశారు. మొత్తం ఇబ్బందుల స్కోరు 40కి లెక్కిస్తాం. పిల్లలే స్వయంగా జవాబులు చెప్పినప్పుడు 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గట్టిగా పట్టించుకోవాలి. ఇతనికి 21 వచ్చింది. విభాగాల వారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది భావోద్వేగాల విభాగంలోనే. తలనొప్పి, కడుపునొప్పి గురించిన ప్రశ్న ఆ విభాగంలోనే ఉంటుంది. చనిపోవాలన్న ఆలోచనలు, బడిలో ఎవరైనా కొట్టడం, ఏడిపించడం, ఎవరైనా తాకకూడని విధంగా తాకడం, వీటి గురించి విడిగా, నేరుగా అడిగాను. లేవన్నాడు. ఆ తర్వాత చూసినవాటిలో కూడా ఆ మాటను అనుమానించాల్సింది నాకేమీ దొరకలేదు.

హాజరు పట్టీ తెమ్మన్నాను. మానేసిన రోజుల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుడుతూ పోతే ఎక్కువ భాగం శుక్రవారం, శనివారం గళ్ళల్లోనే పడ్డాయి. వారాంతపు పరీక్షలంటే భయమని ఒక టీచరు అభిప్రాయం. కానీ ఆ విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో శనివారం నో బ్యాగ్ డే. పుస్తకాలు మొయ్యక్కర్లేదు, ఆటలు, బొమ్మలు, క్విజ్‌లు. పిల్లలు ఎదురుచూసే రోజు అది. ఆ రోజునే ఎందుకు మానేస్తాడో ఆ లెక్కన అర్థం కాలేదు. ఆ సున్నాల కాగితం ఫైల్లో పెట్టుకున్నాను.

ఇక మాట్లాడించడం. ఏం అడిగినా "బానే ఉందండి" అనేవాడు. అమ్మ గురించి అడిగితే "బానే ఉందండి", నిద్ర గురించి అడిగితే "బానే పడుకుంటానండి". మర్యాదగా, నేల చూపులు చూస్తూ. ఇలాంటి పిల్లలను ప్రశ్నలతో తరిమితే ఇంకా లోపలికి వెళ్ళిపోతారు. అమ్మమ్మే మాటల మధ్యలో ఒక దారి చూపించింది. తన కంచంలో ముద్ద మిగిల్చి గట్టు మీది కుక్కకు రోజూ పెడతాడట. "మడిసితో మాటాడడు గానీ దాంతో మాటాడతాడండి" అంది.

కుక్కనే ఎందుకు

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1960ల మొదట్లో న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్‌సన్ అనే పిల్లల సైకాలజిస్టు, మాటలాడని ఒక పిల్లాడు తన కుక్క జింగిల్స్ దగ్గర తేలికపడటం చూసి, దాన్ని చికిత్సలో భాగం చేసుకోవచ్చని రాశాడు. తోటి సైకాలజిస్టులు మొదట నవ్వారు. హాంకాంగ్‌లో జిల్ రాబిన్‌సన్ 1991లో డాక్టర్ డాగ్ పేరుతో ఆసుపత్రులకు కుక్కలను తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆ కార్యక్రమాన్ని చెన్నైలో బ్లూ క్రాస్ వాళ్ళు మన వీధి జాతి కుక్కలతో నడిపారు. మన కుక్కలు ఈ పనికి పనికిరావన్న అపోహ పోవడానికి ఆ ఉదాహరణ నాకు చాలాసార్లు ఉపయోగపడింది.

ఈ అబ్బాయికి దగ్గరగా ఉన్న పరిశోధన ఆండ్రియా బీట్జ్ బృందం యూరప్‌లో చేసింది. పెద్దవాళ్ళ మీద నమ్మకం కుదరని మగపిల్లలను తీసుకుని, కొత్తవాళ్ళ ఎదుట కథ చెప్పమని, లెక్కలు చెయ్యమని కాస్త ఒత్తిడి పెట్టారు. కొందరి పక్కన నిజమైన కుక్క, కొందరి పక్కన బొమ్మ కుక్క, కొందరి పక్కన ఆప్యాయంగా ఉండే పెద్ద మనిషి. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ నిజమైన కుక్క ఉన్నవాళ్ళలో తక్కువగా ఉంది. ఎంత ఎక్కువ నిమిరితే అంత తక్కువ. పెద్ద మనిషి ఎంత మంచివాడైనా ఆ పిల్లలకు అప్పటికి సాయపడలేకపోయాడన్నది నాలాంటి వాళ్ళం గుర్తుంచుకోవాల్సిన సంగతి. బ్రిటన్‌లో లింకన్ యూనివర్సిటీ వాళ్ళు బడిపిల్లలతో 20 నిమిషాల చొప్పున వారానికి రెండుసార్లు నాలుగు వారాలు చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులోనూ కుక్కతో గడిపిన పిల్లల్లో కార్టిసాల్ పెరగలేదు. చిన్న చిన్న సెషన్లు చాలన్న ధైర్యం నాకు దాని నుంచి వచ్చింది.

ముందు చెయ్యాల్సిన పనులు

చిట్టి ఐదేళ్ళ ఆడ కుక్క, గోధుమ రంగు, దేశవాళీ. రోడ్డు పక్కన దొరికిన కుక్కపిల్లను నాతో కలిసి పనిచేసే హ్యాండ్లర్, అంటే కుక్క బాధ్యత చూసుకునే ఆవిడ, పెంచి, నేర్పించి, నా పక్కన నిలబెట్టారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రేబిస్ టీకా ఏటా, మిగతా టీకాలు సమయానికి, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, గోమార్లకు మందు. ఆ కార్డు జిరాక్సు బడి ఫైల్లో ఉంటుంది. గోళ్ళు కత్తిరించి, ఒళ్ళు దువ్వి తీసుకొస్తారు.

అనుమతి మూడు చోట్ల తీసుకున్నాను. అమ్మమ్మ సంతకం, కువైట్ నుంచి తల్లి పంపిన వాయిస్ మెసేజ్, హెడ్‌మాస్టరు గారి ఉత్తర్వు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో కూడా చెప్పాం. ఉబ్బసం, కుక్క బొచ్చు పడనివాళ్ళు, కుక్కంటే భయం ఉన్నవాళ్ళు, ఇంట్లో ఆచారం ప్రకారం కుక్కను తాకనివాళ్ళు ఎవరెవరో టీచర్ల దగ్గర అడిగి రాసుకున్నాను. అంతకుముందు ఏడాది కుక్క కరిచిన ఆరో తరగతి పాప ఉంది. ఆ పాప తరగతి ముందు నుంచి చిట్టి నడవకుండా వెనక గేటు వైపు నుంచి గ్రంథాలయం గదిలోకి తీసుకొచ్చేవాళ్ళం. మధ్యాహ్న భోజనం వండే చోటికీ, తినే చోటికీ దూరంగా, ఎండ ఎక్కకముందే, 25 నిమిషాలకు మించకుండా. గదిలోంచి వెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడగాలి. చిట్టి లేచి తలుపు దగ్గరకు వెళ్తే గడియారంలో ఎంతైనా సరే సెషన్ అయిపోయినట్టే.

ఏ రోజు పెట్టాలన్న దాని మీద చాలాసేపు ఆలోచించాను. శుక్రవారం పెడితే కుక్క కోసమైనా బడికి వస్తాడు కదా అన్నారు టీచర్లు. నేను బుధవారమే కావాలన్నాను. కుక్కను చూపించి హాజరు పెంచితే కుక్క రాని రోజు ఆ హాజరు నిలవదు, అసలు నొప్పి ఎందుకో ఎప్పటికీ తెలియదు. ఇంకో మాట కూడా ముందే అనుకున్నాం. అతను వారమంతా మానేసినా బుధవారం చిట్టి దగ్గరకు రావచ్చు. బడి మానేశావు కాబట్టి ఈ వారం కుక్క లేదు అనే మాట ఎవరి నోటి నుంచీ రాకూడదు.

గ్రంథాలయం గదిలో

మొదటి రోజు హ్యాండ్లర్ అతనికి ఒక్కటే నేర్పించారు. చేతిని చిట్టి మెడ పక్కన పెట్టి మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిమరాలి, తర్వాత చెయ్యి తీసేయాలి. అది దగ్గరకు జరిగితే ఇంకాస్త నిమరమని. తల తిప్పుకుంటే చాలని. అతను మూడు లెక్కపెట్టాడు, చెయ్యి తీశాడు. చిట్టి తల పక్కకు తిప్పేసి కిటికీ వైపు చూసింది. పిల్లాడి మొహం వాడిపోయింది. "ఇప్పుడొద్దంటోంది, అంతే. నీ మీద కోపం కాదు" అన్నారు హ్యాండ్లర్. కాసేపటికి చిట్టే వచ్చి అతని మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఈసారి అతను నిమరకుండా ఆగి, నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఒకటి, రెండు, మూడు. చెయ్యి తీయగానే అది ముక్కుతో అతని అరచేతిని పొడిచింది. నేను అతని పళ్ళు చూడటం అదే మొదలు.

తర్వాతి వారాల్లో చిట్టిని గమనించడం అతని పని. ఒక నోట్‌బుక్ ఇచ్చి పేజీ మధ్యలో గీత గీయమన్నాను. ఎడమ పక్క చిట్టి ఇబ్బంది పడినప్పుడు ఏం చేస్తుందో రాయాలి. కుడి పక్క ఖాళీ. నిద్ర రాకపోయినా ఆవులించడం, తినేది లేకపోయినా పెదాలు నాక్కోవడం, కళ్ళ తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, తోక కిందికి దించడం, అయ్యాక ఒళ్ళంతా విదిలించుకోవడం. ఇవన్నీ కుక్క ఒత్తిడిలో ఉందని చెప్పే గుర్తులు. నాకన్నా ముందే పట్టేసేవాడు. ఒకరోజు బయట లారీ హారన్ మోగితే "ఇప్పుడు విదిలించుకుంటాది చూడండి" అన్నాడు, అలాగే విదిలించుకుంది.

కుడి పక్క నీ గురించి రాసుకోవచ్చు, రాయకపోయినా పర్లేదు అన్నాను. వారం తర్వాత చూస్తే నాలుగు లైన్లు ఉన్నాయి. పొట్ట బిగుసుకుపోద్ది. నోరు ఎండిపోద్ది. ఆవలింతలు వత్తాయి. నాలుగోది, ఫోన్ మోగినట్టు వినబడద్ది.

నాలుగో లైను గురించి అడగాలని మనసు లాగింది. అడగలేదు. అతను రాసి నా చేతికిచ్చాడు, అప్పటికి అది చాలు.

ఒక బుధవారం హ్యాండ్లర్ వరండా చివర కుళాయి దగ్గర గిన్నె నింపడానికి వెళ్ళారు. తాడు నా చేతిలో ఉంది. తలుపు బార్లా తీసి ఉంది, ఆవిడ మాకు కనిపిస్తూనే ఉన్నారు. అయినా చిట్టి లేచి నిలబడి, చెవులు రిక్కించి, అటే చూస్తోంది. అబ్బాయి దువ్వడం ఆపేశాడు.

"కనబడతానే ఉన్నారు కదండీ. మరెందుకలా చూత్తంది?"

"నీకేమనిపిస్తోంది?"

దువ్వెనలో చిక్కిన బొచ్చు తీస్తూ కూర్చున్నాడు. "కనబడితే సరిపోదండి" అన్నాడు. తర్వాత నన్ను చూడకుండా, చిట్టి వీపు వైపే చూస్తూ, "మా అమ్మా కనబడతాదండి వీడియోలో. రాత్రి రెండింటికి" అన్నాడు.

ఆ తర్వాత మాట ఆగలేదు. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. పనిచేసే ఇంట్లో అందరూ పడుకుని, గిన్నెలు తోమి, ఆమె గదిలోకి వచ్చేసరికి అక్కడ రాత్రి 11 దాటుతుంది. ఇక్కడ ఒంటిగంటన్నర. అక్కడ వారాంతపు సెలవులు శుక్రవారం, శనివారం. గురు, శుక్రవారం రాత్రుళ్ళు చుట్టాలు వస్తారు, వంటలు, కబుర్లు, పని ఇంకా ఆలస్యంగా తెములుతుంది. ఫోను వచ్చేసరికి ఇక్కడ రెండున్నర, మూడు. అంటే తెల్లవారితే శుక్రవారం, శనివారం. ఫైల్లోని పెన్సిల్ సున్నాలకు అర్థం అప్పుడు తెలిసింది.

మెలకువగా ఉండమని అతనికి ఎవరూ చెప్పలేదు. వేసవి సెలవుల్లో ఒకసారి నిద్రపోయాడు, ఫోను ఎత్తలేదు. ఆ తర్వాత వారం పైగా ఆమె నుంచి ఫోనే రాలేదు. ఆమె ఫోను పాడైందని తర్వాత తెలిసింది. కానీ ఆ రోజుల్లో తను ఎత్తకపోవడం వల్లే అమ్మకు ఏదో అయిందని ఇతను లోలోపల నమ్మేశాడు. అప్పటి నుంచి ఫోను వైబ్రేషన్‌లో పెట్టి దిండు కింద చెయ్యి ఉంచుకుని కాపలా కాస్తున్నాడు. అమ్మమ్మకు తెలియదు. తల్లికీ తెలియదు, కొడుకు తన ఫోనుకే లేస్తున్నాడని అనుకుంటోంది. ఇంకోటి కూడా చెప్పాడు. ఆమె విమానం ఎక్కిన రోజు ఇతను బడిలో ఉన్నాడు. ఏడుస్తాడని చెప్పకుండా వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. బడికి వెళ్తే మనుషులు మాయమవుతారన్న భయం అక్కడ నాటుకుంది. పొద్దున్నే కడుపులో మెలిపెట్టేది అదే, పైన నిద్రలేమి.

మనుషులు చేసిన పని

ఇక్కడి నుంచి చిట్టి చెయ్యగలిగింది తక్కువ. ఆ రాత్రి ఫోనును అది ఆపలేదు. కుక్కతో పిల్లాడు తేలికపడ్డాడని రిపోర్టు రాసి నేను ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఆ కుర్రాడు ఈ రోజుకీ దిండు కింద చెయ్యి పెట్టుకునే పడుకునేవాడు.

మొదట తల్లితో మాట్లాడాను. అబ్బాయి అనుమతి అడిగి, ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అతనితో కలిసి కాగితం మీద రాసుకుని మరీ. విని ఆమె చాలాసేపు ఏడ్చింది. తప్పు వెతకడానికి ఫోన్ చెయ్యలేదమ్మా, టైము వెతకడానికి చేశాను అన్నాను. 2015 నాటి కువైట్ చట్టం ఇంటిపనివాళ్ళకు వారానికో రోజు సెలవు ఇవ్వాలని చెబుతుంది గానీ ఆమె ఉన్న ఇంట్లో ఆ మాట అడిగే పరిస్థితి లేదు. రోజంతా గంట గంటా చెప్పించుకుంటే ఒక ఖాళీ దొరికింది. వారాంతపు రాత్రుళ్ళు ఆలస్యంగా పడుకునే ఆ ఇల్లు శుక్రవారం, శనివారం పొద్దున చాలా ఆలస్యంగా లేస్తుంది. ఆమె మాత్రం అలవాటు ప్రకారం నాలుగున్నరకే లేస్తుంది. ఇక్కడ అప్పుడు 7 గంటలు. పిల్లాడు బడికి తయారయ్యే వేళ. ఆ రెండు రోజులూ వీడియో కాల్ అప్పుడే. మిగతా రోజుల్లో ఆమె రాత్రి పని ముగించి వాయిస్ మెసేజ్ పెడుతుంది, ఇతను పొద్దున్నే లేచి వింటాడు. ఇతను పడుకునే ముందు ఒకటి పెడతాడు. బడికి వెళ్ళొస్తానమ్మా అని చెప్పి బయల్దేరడం, సాయంత్రం వచ్చానమ్మా అని మెసేజ్ పెట్టడం కూడా అందులో భాగమే. ఈసారి చెప్పి వెళ్ళేది తను.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను అమ్మమ్మ చేతికి ఇవ్వాలి. వైబ్రేషన్ తీసి గట్టిగా మోగేలా పెట్టాలి. ఏ వేళ మోగినా అమ్మమ్మ ఎత్తుతుంది, అవసరమైతే లేపుతుంది. ఇది ఒప్పుకోవడానికి అతనికి టైము పట్టింది. అమ్మమ్మకు స్మార్ట్‌ఫోన్ ఎత్తడం రాదని అతని భయం. ఆకుపచ్చ గుర్తును పైకి జరపడం ఆమెకు అతనే నేర్పించాడు, పక్క గదిలోంచి నేను ఫోన్ చేస్తే ఆమె ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ పరీక్ష పెట్టాడు. కాపలా డ్యూటీ మరొకరికి అప్పగించాకే అతనికి నిద్ర పట్టింది. రాత్రిపూట భయం మరీ ఎక్కువైతే 24 గంటలూ తెలుగులో మాట్లాడే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అమ్మమ్మ గోడ మీద బొగ్గుతో రాయించుకుంది.

బడిలో తరగతి టీచరు ముఖ్యమైన మనిషి అయ్యారు. రోజూ ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు అతనితో నిలబడి నిన్న అమ్మ ఏం చెప్పిందిరా అని అడిగేవారు. నొప్పి వస్తే ఇంటికి పంపడం లేదు. గ్రంథాలయం బెంచీ మీద పది నిమిషాలు, మంచినీళ్ళు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి, తర్వాత తరగతికి. ఆ ఊపిరి పద్ధతి అతను చిట్టి దగ్గరే నేర్చుకున్నాడు. నీడలో పడుకున్న కుక్క పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, అవి లేచినప్పుడు పీల్చడం, దిగినప్పుడు వదలడం. మొదట్లో బెంచీ దగ్గరకు తరచుగా వెళ్ళేవాడు. అక్టోబరు చివరికి ఆ బెంచీ మీద వేరే పిల్లలు కూర్చోవడం మొదలుపెట్టారు, టీచర్లు అందుకు ఒప్పుకున్నారు.

శనివారం నో బ్యాగ్ డేలో అతనికి ఒక పని దొరికింది. కుక్కలతో ఎలా మెలగాలో చిన్న తరగతులకు చెప్పడం. దీని మీద నేను పట్టుబట్టాను, ఎందుకంటే శిక్షణ ఉన్న కుక్కతో గడిపిన పిల్లలు వీధి కుక్క దగ్గరకు అదే చొరవతో వెళ్ళే ప్రమాదం ఉంది. తింటున్న కుక్క, పిల్లలున్న కుక్క, కట్టేసిన కుక్క జోలికి వెళ్ళొద్దు. మీదికొస్తే పరిగెత్తొద్దు, కళ్ళలోకి చూడొద్దు, చేతులు దగ్గరకు పెట్టుకుని చెట్టులా నిలబడాలి. కరిస్తే, గీరితే, సబ్బు పెట్టి కుళాయి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. ఇదంతా అతను బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పాడు. చెట్టులా నిలబడి చూపించమంటే కుక్క కరిచిన ఆ ఆరో తరగతి పాప ముందుకొచ్చి నిలబడింది. చిట్టి ఆ గదిలో లేదు.

చిట్టి వెళ్ళడం

అమ్మ చెప్పకుండా వెళ్ళిపోయిన పిల్లాడి దగ్గర నుంచి కుక్క కూడా చెప్పకుండా మాయమైతే మేము చేసిందంతా తిరగబడుతుంది. అందుకే చివరి తేదీ మొదటి నెలలోనే గోడ క్యాలెండరు మీద అతని చేతే రాయించాను. తర్వాత వారానికోసారి కాస్తా రెండు వారాలకోసారి చేశాం.

అంతలో 2025 నవంబర్ 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి ఆవరణల నుంచి వీధి కుక్కలను తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. హెడ్‌మాస్టరు గారికి సందేహం వచ్చింది. చిట్టి వీధి కుక్క కాదని, తాడుతో, మనిషితో, టీకా కార్డుతో వస్తుందని రాతపూర్వకంగా ఇచ్చాం. కాగితం కదిలేదాకా ఒక బుధవారం ఆగాల్సి వచ్చింది. ఆ సంగతి ముందు రోజే తరగతి టీచరు ద్వారా అతనికి చెప్పించాను, కారణంతో సహా. ఆ బుధవారం బడికి వచ్చాడు, గురువారం వచ్చాడు, శుక్రవారమూ వచ్చాడు. నాకు అది ఏ స్కోరు కన్నా ఎక్కువ.

చివరి రోజు ఏడుస్తాడని టీచర్లు కంగారుపడ్డారు. ఏడ్చాడు. ఏడవనివ్వాలి. చిట్టికి అతను మూడంకెల పరీక్ష పెట్టి, అది దగ్గరకొచ్చాక మెడ చుట్టూ చెయ్యి వేశాడు. గేటు దాకా తాడు తనే పట్టుకొచ్చి హ్యాండ్లర్ చేతికి ఇచ్చాడు. చిట్టి ఇప్పుడు ఏ ఊరి బడికి వెళ్తుందో అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నెలకో ఫొటో పంపుతామన్నాం, పంపుతున్నాం.

ఎక్కడ ఉన్నాం

జనవరిలో ఎస్‌డీక్యూ మళ్ళీ చేశాం, 13 వచ్చింది. శుక్ర, శనివారాల గళ్ళు హాజరుతో నిండుతున్నాయి. కడుపునొప్పి పూర్తిగా పోలేదు, తల్లి పెట్టిన మెసేజ్‌లో గొంతు బాగాలేదనిపించిన మర్నాడు వస్తుంది. అప్పుడు బెంచీ మీద కూర్చుని తరగతికి వెళ్తున్నాడు. లెక్కల్లో వెనకబడినది ఇంకా పూడలేదు, దానికి లెక్కల సారు సాయంత్రం కూర్చోబెడుతున్నారు. చిట్టి లేకుండా, కేవలం ఫోను టైము మార్చి ఉంటే ఇదే ఫలితం వచ్చేదా? వచ్చేదనే అనుకుంటున్నాను. కానీ ఫోను సంగతి అతను చెప్పింది చిట్టి వీపు చూస్తూ. నాకు చెప్పడానికి అతనికి అప్పటికి దారి లేదు.

ముందున్న గండం ఒకటుంది. వచ్చే వేసవికి తల్లి సెలవు మీద వస్తుంది, నెల ఉండి మళ్ళీ వెళ్తుంది. ఆమె వెళ్ళే రోజు బడి ఉండొచ్చు. ఈసారి చెప్పకుండా వెళ్ళనని ఆమె మాట ఇచ్చింది. తేదీ ఖాయం కాగానే క్యాలెండరు మీద కొడుకు చేత రాయించాలి. ఆ రోజు బడికి సెలవు పెట్టించి బస్సు ఎక్కేదాకా అమ్మమ్మతో కలిసి అతన్ని పంపాలి. మర్నాడు తరగతి టీచరు ప్రార్థనకు ముందు గేటు దగ్గర ఉండాలి. ఆ తర్వాతి రెండు వారాల్లో శుక్రవారం గళ్ళు ఎవరో ఒకరు చూడాలి. ఇవన్నీ రాసి తరగతి టీచరుకు ఒక కాపీ, హెడ్‌మాస్టరు గారికి ఒక కాపీ ఇచ్చాను. మూడోది అబ్బాయి తనకూ కావాలని అడిగి తీసుకున్నాడు.